సిరలో సిరా

"రంగా, లోపలికి వెళ్ళాలి," అని సిస్టర్ దీవెన మైకులో అంటుంది. స్కానింగ్ సెంటర్ హాల్లో రంగా అనే పేరు నా ఒక్కడిదే. లేచి వెళ్ళి, నా భార్య సత్యవేణి మోచేతి మడతలో గుచ్చిన సూదిలోంచి ఆవిడ లోపలికి వెళ్తాను. సూది కొంచెం బిగుతు. బొజ్జ పీల్చుకుంటే సరిపోతుంది.

ఎందుకు పంపుతున్నారో నాకు తెలుసు. ఆవిడ ఎడమ కిడ్నీ కింద దారి మూసుకుపోయింది. లోపలికి పంపింది అటునుంచి కిందికి దిగితే కిడ్నీ ఉంచుతారు, దిగకపోతే కోసి తీసేస్తారు. పొద్దున్నుంచీ ఆవిడ ఆ మాట ఎత్తలేదు. బస్సులో పర్సు పట్టుకున్నట్టు ఎడమ డొక్కని చేత్తో పట్టుకుని కూర్చుంది.

నేనింకా సూదిలో ఉండగానే సిస్టర్ అడుగుతుంది. "అమ్మా, మీకేమన్నా పడనివి ఉన్నాయా?"

"మా ఆడపడుచండి."

ఆ ఆడపడుచు, అంటే మా అక్క పేరంటాలు, హాల్లోంచి కేకేస్తుంది. "నాకూ ఆవిడ పడదని రాసుకోమ్మా!"

సిరలో ప్రయాణం సుఖంగా ఉంది. నేను పోయిన చోటల్లా తెల్లగా వెలుగుతుంది.

"ఒళ్ళంతా వెచ్చబడిందేంటి?" అని పైనుంచి సత్యవేణి గొంతు.

"నేనే," అంటాను.

"మీరేంటండీ ఇక్కడ?"

"పిలిచారు."

"సరే, చూసి నడవండి. తడిగా ఉంటది."

మాది మేనరికం కాదు. ఇన్నేళ్ళకి ఇవాళే రక్తసంబంధం కలిసింది.

గుండె నాలుగు గదుల ఇల్లు. రెండు గదులు చూసి, ఊపిరితిత్తుల్లో కాస్త గాలి పీల్చుకొచ్చి, మిగిలిన రెండూ చూస్తాను. కవాటాలు తెరుచుకుని వెంటనే మూసుకుంటాయి. వచ్చినవాణ్ణి కూర్చోమనే అలవాటు ఈ ఇంట్లో లేదు. చివరి గదిలో ఎవరో అచ్చం నా గొంతుతో దగ్గుతున్నారు. పలకరించేలోపే నన్ను కిందికి తోసేస్తారు.

కిడ్నీ దగ్గర దిగుతాను. కింది నాళం మొదట్లో ఒక రాయి కూర్చుని ఉంది, నాళానికి తాళంలా.

"జరుగు," అంటాను.

"రాయి," అంటుంది.

"నువ్వు రాయివని తెలుస్తూనే ఉంది."

"నా సంగతి కాదయ్యా. నిన్ను రాయమంటున్నా. ఈ స్థలం ఎవరిదో రాసి చూపించు. ఖాళీ స్థలం కదాని కూర్చున్నా. ఇన్నాళ్ళూ అడిగిన నాథుడు లేడు."

కలం లేదు. సిరలో ఉన్న సిరాని నేనే. ఊరి చివర ప్లాట్లలో పాతిన బోర్డుల మీద ఉన్నట్టే, వేలితో దాని వీపు మీద రాస్తాను: ఈ కిడ్నీ సత్యవేణి గారిది. ఆక్రమించువారు శిక్షార్హులు.

ఇంట్లో ఆవిణ్ణి "ఇదిగో" అనే పిలుస్తాను. పేరు రాయడం ఇదే మొదలు. "ణి"కి గుడి పెట్టేసరికి నా చెయ్యి మోచేతి దాకా అయిపోతుంది. మిగతాది రెండో చేత్తో పూర్తి చేస్తాను.

రాయి మెడ వెనక్కి తిప్పి చదువుకుంటుంది. "ఓనరుగారు ఉన్నారా! ముందే చెప్పరేం మరి," అని దులుపుకుని లేస్తుంది. నేను తెల్లగా కిందికి జారుతాను.

"దిగిందండీ, దిగింది!" అని సిస్టర్ కేక. "కిడ్నీ ఉంచేస్తారమ్మా!"

నా చుట్టూ వాన మొదలవుతుంది. ఏడుపు లోపలి నుంచి చూస్తే పైకి కురుస్తుంది.

సిస్టర్ ఫిల్ము పట్టుకుని హాల్లోకి వచ్చి, అందరికీ వినబడేలా చెబుతుంది. "నేనన్నది రంగు లోపలికి వెళ్ళాలని. స్కానింగ్‌లో దారి కనబడ్డానికి ఎక్కించే మందండి అది, నీళ్ళలా ఉంటది. మా మైకు గొంతు బొంగురు. రంగా గారు తన్నే అనుకుని వెళ్ళిపోయారు."

హాలంతా "ఓహో" అంటుంది.

"అయితే ఇందాకట్నుంచీ నా పక్కన కూర్చుని అరటిపండు తిన్నది?" అంటుంది అక్క.

"అదేనండి రంగు."

"పాపం, ఆకలి మీదుంది," అని అక్క దానికి ఇంకో పండు ఒలుస్తుంది.

సిస్టర్ గదిలోకి తిరిగొచ్చి సత్యవేణికి గ్లాసు అందిస్తుంది. "మంచినీళ్ళు బాగా తాగండమ్మా, రంగా గారు వచ్చేస్తారు."

ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు దించేస్తుంది. "తొందరేముందమ్మా. బయట ఎండగా ఉంది."

సిస్టర్ ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటుంది. అందులో సత్యవేణి పక్కటెముకల మీద నా చొక్కా ఆరేసి ఉంది. ఫిల్ములోంచి నీటిచుక్కలు సిస్టర్ చేతి మీద పడుతున్నాయి.