ద్వాపరయుగంలో షాండ్లియర్

నేను ఒక దర్బారు తెరను. పద్యనాటకాల్లో సింహాసనం వెనుక వేలాడే రంగుల గుడ్డను. తెనాలిలో కోటిలింగం అనే చిత్రకారుడు నన్ను నేల మీద పరిచి, నా మీదే గొంతుక్కూర్చుని గీశాడు. దుర్యోధనుడి సభ కావాలన్నారు. హస్తినాపురం ఆయన చూడలేదు; చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ దొరకలేదు కూడా. అందుకని తనకు తెలిసిన వైభవమంతా నాలోకి దించాడు. జమీందారు మేడ స్తంభాలు, గాజు షాండ్లియర్, నలుపు తెలుపు పలకల నేల.

నన్ను కొన్నది వెంకటాద్రి. నాటక సమాజానికి యజమాని, దుర్యోధన పాత్రధారి. నా ముందు రాజులు మారేవారు, నేను మారేదాన్ని కాదు. హరిశ్చంద్రుడి కొలువూ నేనే, రాముడి కొలువూ నేనే. జనం ఎన్నడూ పేచీ పెట్టలేదు. పద్యం బాగుంటే మనుషులకు స్తంభాలతో పనిలేదు.

పేచీ పెట్టింది వెంకటాద్రి కూతురు చంద్రిక. యూనివర్సిటీలో కళాచరిత్ర చదువుతూ సెలవులకు వచ్చి, నన్ను చూసి పకపకా నవ్వింది.

"ద్వాపరయుగంలో షాండ్లియరేంది నాన్నా! పాత గుడి స్తంభాల ఫొటో తీసి ఫ్లెక్సీ వేయిద్దాం."

వెంకటాద్రి ముఖం చిన్నబోయింది. "ఇన్నాళ్లూ జనం నన్ను చూసి నవ్వుకున్నారేమో" అని గొణిగాడు. ఫ్లెక్సీ వేయించలేదు సరికదా, వేషం కట్టడమే మానేశాడు. నన్ను కళ్లంలో మిరపకాయల మీద కప్పారు. ఆ ఘాటుకు తుమ్ముదామంటే నాకు ముక్కు కూడా లేదాయె!

కొన్నాళ్లకు చంద్రిక తరగతితో కలిసి లేపాక్షి వెళ్లింది. అక్కడ కప్పు మీది బొమ్మల్లో పురాణాల మనుషులు విజయనగర కాలపు చీరలు కట్టుకుని, పొడుగు కుళ్లాయిలు పెట్టుకుని ఉన్నారట. మాస్టారు దాన్ని తప్పనలేదట. చిత్రకారుడు దేవుళ్లకు తన కాలాన్ని తొడిగాడన్నారట. ఆ మాటకు నేను గుర్తొచ్చానని, ఇంటికొచ్చి నన్ను దులుపుతూ తండ్రికి చెప్పింది.

ఆ రోజు నన్ను గోడకు కట్టి చాలాసేపు చూసింది. నేల పలకల గీతల వెంట వేలు నడిపింది. ఎటు మొదలుపెట్టినా అవి చూపును సింహాసనం ముందు, నటుడు నిలబడే చోటికే తీసుకెళ్తున్నాయి.

"నేను సరిగా చూడకుండానే నవ్వాను నాన్నా" అని ఏడ్చింది. నాకూ ఆ పిల్లంటే ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

తన పరిశోధనకు నన్నే ఎంచుకుంది. యూనివర్సిటీ హాల్లో నన్ను కట్టించి, నా ముందు పద్యం పాడమని తండ్రిని బతిమాలి తీసుకొచ్చింది. వెంకటాద్రి కిరీటం పెట్టుకుని నా పక్కన నిలబడి హాల్లోకి తొంగిచూశాడు.

"అందరూ సదువుకున్నోళ్లు. నవ్వరు గదమ్మా?"

"తెలీదు నాన్నా. నువ్వు పాడు" అని చంద్రిక వెళ్లి ముందు వరుసలో కూర్చుంది.

గద భుజాన వేసుకుని వచ్చాడు. నా గీతలు చూపించే చోట కాలు మోపాక రాగం అందుకున్నాడు. తీశాడు, తీశాడు, హాలు నిండేదాకా తీశాడు. పద్యం అయిపోయింది. ఎవరూ నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఇలాంటి చోట ఏం చేయాలో పాపం ఆ పిల్లలకు తెలియదు. వెంకటాద్రి తల దించుకున్నాడు.

చంద్రిక కుర్చీలోంచి లేచి, నేల టిక్కెట్టు ప్రేక్షకుడిలా గొంతు చించుకుని అరిచింది.

"వన్స్ మోర్!"