జానెడు పగ్గం

పొద్దున్నే షట్టరు ఎత్తగానే సైలస్ చేసే మొదటి పని, పగ్గాలన్నీ మేకులకే ఉన్నాయో లేదో చూసుకోవడం. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని ఆ వర్క్‌షాపు గోడల నిండా పాతకాలపు పగ్గాలు, కళ్ళేలు, కొరడాలు. అన్నీ గుర్రపు తోక వెంట్రుకలతో ముడి పక్కన ముడి వేసి అల్లినవే. పగ్గానికి రెండు కొసలూ కట్టేసి ఉంచాలి. ఒక కొస వదిలేశామా, అది తన గుర్రం నడిచిన దారి పట్టుకుని, మొదటి ముడినుంచి చివరి ముడిదాకా వరసగా, బయల్దేరుతుంది. కిందటి నెల ఒకటి అలాగే జారుకుని, రోడ్డు దాటి పడమటికి పోతుంటే, చాయ్ తెచ్చే గులాం నబీ కాలితో తొక్కి పట్టుకున్నాడు. "బాంధ్ కే రఖో భాయ్!" అని విసుక్కుని, పగ్గమూ చాయ్ గ్లాసూ బల్లమీద పెట్టి తన దారిన తను వెళ్ళిపోయాడు.

సైలస్‌ది నరసాపురం. వాళ్ళమ్మ పెర్సిస్ లేసు అల్లేది. ఏజెంటు వచ్చి లేసును వెలుగుకు ఎత్తి చూసి, ఒక్క కన్ను తప్పినా ముక్క మొత్తం ఆమె ఒళ్ళో పడేసి పోయేవాడు. అందుకే తప్పు కనిపిస్తే అక్కడిదాకా విప్పి మళ్ళీ అల్లడం ఆ ఇంట్లో అన్నం ముందు ప్రార్థనంత అలవాటు. మగపిల్లాడైనా సైలస్ వేళ్ళకి ఆ విద్య పట్టుకుంది. టైలరుగా దోహా వచ్చినవాడు ఈ వెంట్రుకల పనిలో పడ్డాడంటే ఆ వేళ్ళ పుణ్యమే. పాపమూ వాటిదే.

తొంభై ఆరు డిసెంబరులో అబూ జాసిం అనే పెద్దాయన, కొడుకు జాసిం భుజం పట్టుకుని షాపులోకి వచ్చాడు. డెబ్బయ్యైదేళ్ళుంటాయి, చూపు మందగించింది. సంచిలోంచి పురుగులు కొట్టేసిన ఒక పగ్గం తీశాడు.

"మా నాన్న గుర్రం తోకతో ఆయనే అల్లుకున్నాడు" అన్నాడు, సగం హిందీ సగం అరబ్బీలో. "నాకు నాలుగేళ్ళప్పుడు, గుడారాలు మార్చుకుంటూ పోయే దారిలో అమ్మ పోయింది. ఎడారిలోనే పాతిపెట్టారు. మాలో సమాధి మీద పేరు రాయరు. ఎక్కడని నాన్న చెప్పలేదు, నేనూ అడగలేదు. అడుగుదాం అనుకునేసరికి ఆయనా పోయాడు. ఇంక ఆ దారి దీనికే తెలుసు. పట్టుకుంటే తెగేలా ఉంది. దీన్ని బాగుచెయ్యి. కళ్ళు పూర్తిగా పోకముందే ఒక్కసారి అక్కడ నిలబడాలి."

"చేస్తాను బాబా" అన్నాడు సైలస్. తన తండ్రి కూడా తక్కువ మాట్లాడే మనిషే, అందుకని ఆ ముసలాయన మీద వెంటనే జాలి కలిగింది.

పురుగు చావడానికి పగ్గాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి వారం రోజులు ఫ్రీజర్లో పెట్టాడు. అది లోపలినుంచి తోస్తుందని తలుపుకి తాడు కట్టాడు. తరవాత మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీసి, చన్నీళ్ళలో ముంచి, నీడలో ఆరబెట్టాడు. తెగినచోట వెయ్యడానికి వెంట్రుకలు కావాలి. గుర్రాల లాయంలో పనిచేసే నిజామాబాదు మల్లన్న ఒక కట్ట తెచ్చి ఇచ్చాడు.

"గిది రీమ్ తోకది అన్నా. ముసల్ది, లాయం గేటు గూడ దాటదు. రంగు కలుస్తది గని ఎక్కువ కలపకు. జిందా గుర్రం బొచ్చు గదా, లాయం దిక్కే గుంజుతది."

"నాకు తెలీదా మల్లన్నా? అక్కడక్కడ నాలుగు పోగులంతే. పాతవి ఎక్కువుంటే దారి పాతదే."

అన్నట్టే చేశాడు. పురుగు తిన్న చోటల్లా నాలుగేసి పోగులతో అతికాడు. అక్కడితో ఆపేసి ఉంటే ఈ కథ లేదు. పగ్గం చివర ఒక జానెడు మేర ముడులన్నీ వంకర. ఒకటి బిగుతు, ఒకటి వదులు, గీత పక్కకి పోయింది. పురుగు దాని జోలికే పోలేదు. దానికే రోగమూ లేదు. అయినా సైలస్ కళ్ళు అక్కడే తచ్చాడాయి, వేళ్ళు ఊరుకోలేదు. ఒక్కొక్క ముడీ విప్పాడు. విప్పుతుంటే పాత వెంట్రుకలు పొడిపొడిగా విరిగిపోయాయి. వాటిని ఊడ్చేసి, రీమ్ వెంట్రుకలతో ఆ జానెడూ మళ్ళీ తిన్నగా అల్లాడు. ఏజెంటు కాదు, ఏజెంటు బాబొచ్చినా వంక పెట్టలేడనుకుని, మురిసిపోతూ చాయ్ తాగాడు.

శుక్రవారం జీపులో బయల్దేరారు. జాసిం డ్రైవింగు. పక్కన అబూ జాసిం పగ్గం ఒక కొస కిటికీలోంచి బయటికి వదిలి, రెండో కొస పట్టుకున్నాడు. దారిలో తెగితే ముడెయ్యడానికి సైలస్ వెనక కూర్చున్నాడు. షహానియా ఊరు దాటాక పగ్గం రోడ్డు వదిలెయ్యమంది. కంకర నేల మీద రెండు గంటలు అది ఎటు లాగితే అటు పోయారు. ఉన్నట్టుండి పగ్గం వదులై కిందికి వేలాడింది. మరుక్షణం వెనక్కి తిరిగి దోహా వైపు లాగడం మొదలుపెట్టింది.

"ఇక్కడే బాబా!" అని జాసిం బండి ఆపాడు. "గుర్రం ఇక్కణ్ణుంచే వెనక్కి మళ్ళింది."

ముసలాయన దిగి చెప్పులు విడిచాడు. చుట్టూ రాళ్ళూ, ఒక ముళ్ళపొదా తప్ప ఏమీ లేదు. "యుమ్మా" అని తల్లిని పిలిచాడు. డెబ్బయ్యేళ్ళుగా ఎవరినీ అలా పిలవని గొంతు అది.

తిరిగి లాగుతున్నది ఆయన తండ్రి గుర్రం కాదని, లాయంలోని రీమ్ అని సైలస్‌కొక్కడికే తెలుసు. నోరు మూసుకుంటే సరిపోయేది. ఎందుకు మూసుకోలేదని ఆ తరవాత ఎన్నేళ్ళు తిట్టుకున్నాడో.

"బాబా, ఇది ఆ చోటు కాదు" అన్నాడు. "చివరి జానెడు ముడులు వంకరగా ఉంటే విప్పేశాను. వేరే గుర్రం వెంట్రుకలు పెట్టాను. పాత దారి ఇక్కడితో అయిపోయింది."

"ఎవడు ముట్టుకోమన్నాడు నిన్ను?" అంటూ జాసిం మీదికొచ్చాడు. ముసలాయన చెయ్యెత్తి కొడుకుని ఆపాడు.

"వంకరగానే ఉంటాయి" అన్నాడు. "ఆ జానెడూ అమ్మని పాతిపెట్టి వచ్చాక అల్లాడు. చేతులు వణికేవి. పక్కన కూర్చుని చూశాను."

సైలస్‌కి ఏడుపొచ్చింది.

"మనుషుల్ని తెచ్చి వెతికిద్దాం బాబా" అన్నాడు జాసిం.

"ఏ దిక్కున?" ముసలాయన నేలమీద కూర్చుని, బొటనవేలినుంచి చిటికెనవేలిదాకా చెయ్యి చాపి, ఇసుక మీద జానెడు కొలిచాడు. "ఇంతేనా నువ్వు విప్పింది?"

"అంతే బాబా."

"ఇంతేగా. ఇక్కడిదాకా నేనొచ్చాను. నన్ను ఇక్కడే పెట్టండి. మిగిలింది మా అమ్మ నడుస్తుంది."

మార్చిలో ఆయన పోయాడు. భార్యా తమ్ముళ్ళూ దోహా శ్మశానంలో ఉంటే, ఆయనొక్కణ్ణీ తీసుకెళ్ళి ఆ రాళ్ళ మధ్య పెట్టారు. పేరు రాయలేదు.

ఏడాది తిరిగాక జాసిం ఆ పగ్గం పట్టుకుని షాపుకొచ్చాడు. సైలస్ లేచి నిలబడ్డాడు.

"దుమ్ము దులుపు, చాలు" అన్నాడు జాసిం. "ఒక్క ముడి కదిపినా ఊరుకోను. మా నాన్న దగ్గరికి దారి దీనికొక్కదానికే తెలుసు. సరిగ్గా అక్కడికే తీసుకెళ్ళి, వెనక్కి తిరుగుతుంది."

సైలస్ దుమ్ము దులిపాడు. తను అల్లిన జానెడు ఎక్కడా వంక లేకుండా తిన్నగా ఉంది. కొడుక్కి తండ్రి దగ్గరికి దారుంది. ఆ తల్లి దగ్గరికి దారి మాత్రం, ఏడాది కిందట, ఈ బల్ల కిందినుంచి సైలసే ఊడ్చి పారేశాడు.