పది మిల్లీగ్రాములు

ఓబమ్మ గేటు పట్టుకొని బతిమాలుతోంది. "అన్నా, తియ్యన్నా. బయటికి పోవాల, ఈ ఒక్కసారికి తియ్యి."

"పొద్దుట్నించి నాలుగుసార్లు పోయినావు. అన్నం బెల్లు కొట్టేదాకా తీసేది లేదు," అన్నాడు మేస్త్రీ నారాయణయ్య.

ఓబమ్మ యాభై ఏళ్ల మనిషి. అందరూ చూస్తుండగానే ఆమె చీర పాడైపోయింది. ఎవ్వరూ నవ్వలేదు. మర మాత్రం ఆగలేదు.

ల్యాబు గాజు గదిలోంచి సారా అంతా చూసింది.

ఉదయగిరి పొలిమేరలోని ఆ మిల్లులో సునాముఖి ఆకు పొడి కొడతారు. విరేచనాల మందుకు అది ముడిసరుకు. షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్లు, ల్యాబులో సారా ఒక్కతే. పొడిలో మందు ఎంత శాతముందో తేల్చడం ఆమె పని. పోల్చి చూడ్డానికి స్వచ్ఛమైన మందు చిన్న సీసాలో వస్తుంది. పది మిల్లీగ్రాములు, చిటికెడైనా ఉండదు. దాంతోపాటు ఒక కాగితం: మాస్కు, చేతొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, పొడి పీల్చవద్దు, పీలిస్తే ఆయాసం, కడుపులో పోతే విరేచనాలు. చిటికెడు కూడా లేనిదానికే అంత జాగ్రత్త. షెడ్డులో రోజుకు నలభై బస్తాల దుమ్ము. ఆడవాళ్ల ముక్కుకు కొంగే అడ్డం.

సారాది కొండాపురం. మిల్లులో చేరిన ఈ ఏడాదిన్నరగా ఆమెను పలకరించే మనిషి లేదు. షెడ్డువాళ్లకు ఆఫీసు మనిషి, ఆఫీసువాళ్లకు ఎస్సీ కాలనీ పిల్ల. క్యారియరు విప్పుకొని గోడకేసి చూస్తూ తినేది. ఆ కాగితం మొదటి వారమే చదివింది. చదివి, మడిచి, సొరుగులో పెట్టింది. ఓబమ్మను అలా చూసిన రోజు మాత్రం క్యారియరు విప్పలేదు.

కాగితం తీసుకొని యజమాని చంద్రమోహన్ దగ్గరికి పోయింది.

"పాచికూడు తిని కడుపు చెడగొట్టుకుంటే మిల్లుదా తప్పు? పర్సెంటేజీ చెప్పడం నీ పని. అది చూసుకో," అన్నాడాయన, తలెత్తకుండానే.

మరునాడు మధ్యాహ్నం సారా షెడ్డులోకి నడిచింది. ఓబమ్మ పనికి రాలేదు.

"ఏందిమ్మా, ఇట్టొచ్చినావు?" అంది రాఘవమ్మ. షెడ్డులో అందరికన్నా పెద్దది. "ఇన్నాళ్లూ అద్దంలోంచి చూస్తానే ఉంటివి గదా."

"చూస్తానే ఉన్నా పెద్దమ్మా. తప్పు నాదే." సారా కాగితం విప్పి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది.

"అంటే మా కడుపు కాదా? ఈ ఆకా?" అంది ఒకామె. "నీ పేగులే చెడ్డవి అని మా ఇంటాయన పక్కన కూడా కూచోడు గదమ్మా!"

"తెలిసి ఏం చేస్తాం? పని పోతే ఎవురు పెడతారు?" అంది ఇంకొకామె.

"ఓబమ్మకు జరిగింది రేపు నీకు జరిగితే ఊళ్లో తలెత్తుకోని తిరుగుతావా?" రాఘవమ్మ లేచింది. "మాస్కులీవాల, మరుగుదొడ్డి కట్టీవాల, గేటు తాళం తియ్యాల. అందాకా ఆకు మరలో పడకూడదు. పదండే, ముందు ఓబమ్మను పిల్చుకొద్దాం."

తెల్లారి ముప్పైమందీ, వాళ్లతో సారా, గేటు ముందు కూర్చున్నారు. ఓబమ్మ ముందు వరసలో ఉంది, తల దించుకొని కాదు. ఎండెక్కేసరికి పోలీసు జీపొచ్చింది. కంపెనీ కాగితం సారా దొంగిలించిందని చంద్రమోహన్ కేసు పెట్టాడు. సారాను ఎక్కించి, కాగితం లాక్కున్నారు. ఆడవాళ్లు జీపు వెనకాల పరుగెత్తారు. మలుపు తిరిగాక ఎవరూ కనపడలేదు.

స్టేషన్ బెంచీ మీద సాయంత్రందాకా ఒక్కతే. ఆడవాళ్లు మళ్లీ పనిలోకి దిగారో, కూర్చునే ఉన్నారో చెప్పే దిక్కు లేదు. "ఇంక ఆ మిల్లు పక్కకు పోనని సంతకం పెట్టు, ఇంటికి పో," అన్నాడు ఎస్సై. ఇంటికంటే ఆ అద్దె గదే, అక్కడా ఎవరూ లేరు. అయినా సంతకం పెట్టలేదు.

మరునాడు కోర్టులో హాజరుపరచడానికి ఆత్మకూరు తీసుకుపోతుంటే, ఆ ఊరి మొదట్లో జీపు ఆగిపోయింది. రోడ్డుకడ్డంగా ఇరవైమంది హమాలీలు. అక్కడి చంద్రమోహన్ గోడౌనులో సునాముఖి బస్తాలు మోసేవాళ్లు. వాళ్లలో ఒక్కరి మొహమూ సారాకు తెలియదు.

"మిల్లు కబురు మాకూ తెలిసింది. మేమూ బస్తాలు దించం. ఆకు లారీలు రెండు తిప్పి పంపించినాం," అన్నాడొక ముసలాయన, దగ్గుతూ. జీపు కడ్డీల్లోంచి లోపలికి చూశాడు. "ఆ కాగితం చదివింది నువ్వేనామ్మా? మాకూ చెప్పు. గట్టిగా చెప్పు, అందరికీ వినపడాల."

"నోరు తెరిచినావంటే..." అన్నాడు కానిస్టేబులు.

డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. సారా కడ్డీలు పట్టుకొని లేచి నిలబడింది. హారన్‌ను మించి గొంతెత్తి, మొదటి ముక్క నుంచి చెప్పడం మొదలుపెట్టింది.