ఏకాంబరం కాణిపాకం ఒట్టు

మొగుళ్ళకు పాఠాలు చెప్పమని డాక్టరమ్మ పురమాయించినప్పుడు, ఈ పిల్లకు మతి పోయిందనే అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళుగా తిరుపతిలో పురుళ్ళు పోస్తున్న నర్సును. కాన్పు టైములో మగవాళ్ళు ఎక్కడ ఉండాలో నాకు తెలీదా? గేటు బయట, టీ కొట్టు దగ్గర! కానీ పల్లవి డాక్టరమ్మ కొత్తగా వచ్చింది, కొత్త పుస్తకాలు చదివింది. "నాలుగు ఆదివారాలు క్లాసుకొచ్చిన భర్తను కాన్పుల గదిలోకి రానిద్దాం, తిరుమలమ్మగారూ" అంది. రెండు వేల మూడులో మాట ఇది. సరే, నాదేం పోయింది అనుకున్నాను.

మొదటి ఆదివారం అయిదుగురు వచ్చారు. నలుగుర్ని పెళ్ళాలు తోలుకొచ్చారు. ఏకాంబరం ఒక్కడే తనంతట తాను వచ్చాడు. పూతలపట్టు నుంచి కాణిపాకానికి జీపు నడిపే మనిషి. వస్తూనే ముందు వరసలో కూర్చుని నోటుబుక్కు తెరిచాడు.

నేను గుడ్డబొమ్మ పట్టుకుని నొప్పులెలా మొదలవుతాయో, నడుము ఎక్కడ నిమరాలో, ఊపిరి ఎలా తీయించాలో చెబుతుంటే చెయ్యెత్తాడు.

"సిస్టరమ్మా, కాన్పు అయిపోయిందని ఎప్పుడంటారు? బిడ్డ వచ్చినప్పుడా, మాయ పడినప్పుడా?"

వెనక కూర్చున్న బ్యాంకు గుమాస్తా తల పట్టుకున్నాడు.

"అదంతా నీకెందుకప్పా?" అన్నాను.

"కావల్లమ్మా. అంతదాకా నేను కదలకూడదు."

అప్పుడు బయటపడింది సంగతి. మొదటి కాన్పులో అతని భార్య మునిలక్ష్మికి రక్తం ఆగలేదట. రక్తం తేవాలి, కాగితాల మీద సంతకం పెట్టాలి, మొగుడేడీ అని వెతికితే ఎక్కడా లేడట. చావు తప్పి బయటపడిందట ఆ పిల్ల.

"దాని కేక యినబడినాది. బయమేసి, జీపులో అద్దాలెత్తుకొని కూసున్నానమ్మా" అన్నాడు ఏకాంబరం, అందరి ముందూ, ఏమీ దాచకుండా.

అందుకని ఈసారి నెల తప్పగానే మునిలక్ష్మి అతన్ని కాణిపాకం తీసుకుపోయింది. తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబెట్టి, కాన్పు అయ్యేదాకా తన పక్కనుంచి కదలనని ప్రమాణం చేయించింది.

"ఆడ అబద్ధం ఒట్టేసేది ఎట్లుంటాదో నాకు తెలుసమ్మా. ఒట్టేసేటోళ్ళు దినమ్మూ నా జీపులోనే కదా పోతారు. పోయేటప్పుడు మీసాలు మెలేస్తారు, వచ్చేటప్పుడు వాంతులు చేసుకుంటా వస్తారు."

ఇక చూడండి నా అవస్థ! పక్కన అంటే ఎన్ని అడుగులు? మధ్యలో ఒంటికి పోవచ్చా? "నన్నడుగుతావేమప్పా, ఒట్టు వేసిన చోటే అడగాల్సింది" అని కసిరాను. నాలుగో ఆదివారానికి ఇద్దరే మిగిలారు. ఏకాంబరం కాన్పుల గదిలో పది నిమిషాలు కూడా నిలవడు, కావాలంటే చూడు అని ఆయాతో చెప్పాను.

నొప్పులతో మునిలక్ష్మిని ఒక గురువారం ఉదయం తీసుకొచ్చారు. మధ్యలో ఒంటికి లేవాల్సి వస్తుందని ఏకాంబరం ముందురోజు నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. వాళ్ళమ్మ దేవకమ్మ గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"మొగోడు కానుపు కాడికి పోతాడా? నలుగుర్లో తలెత్తుకోనిస్తావారా నన్ను?"

"మా, నువ్వు తప్పుకో" అని లోపలికొచ్చేశాడు.

మొదట్లో వంక పెట్టడానికి లేదు. నడుము నిమిరాడు, ఊపిరి లెక్కపెట్టాడు. కానీ మంచం పక్కనుంచి కదిలితే ఒట్టు! డాక్టరమ్మ చూడాలి, అటువైపు నిలబడప్పా అంటే, "సుట్టు తిరగల్లంటే నాలుగడుగులు దూరం పోవల్ల కదమ్మా" అంటాడు. చివరికి మంచాన్నే జరిపాం. నా సర్వీసులో ఇంతటి మొండివాణ్ణి చూడలేదు.

మధ్యాహ్నం మూడింటికి నొప్పులు ముదిరాయి. ఏకాంబరం నోటుబుక్కు చూసి, "ఊపిరి తీసుకో మే, మెల్లిగా వదులు" అన్నాడు. మునిలక్ష్మి ఆ పుస్తకం లాక్కుని విసిరికొట్టింది.

"యోవ్! నీ మొగం సూస్తే మండతా ఉండాది నాకు. పో బయటికి!"

"ఒట్టుండాది కదమే."

"ఏయించింది నేనే కదా! నేనే తీసేస్తా ఉండాను. సామికి నేను సెప్పుకుంటా, నీకే పాపమూ రాదు. పో!"

ఏకాంబరం నావైపు తిరిగాడు. "సిస్టరమ్మా, ఏయించినోళ్ళే తీసేస్తే ఒట్టు తీరినట్టేనా?"

"తీరినట్టే" అన్నాను. అతను పోతే బాగుండునని నాకూ ఉంది. మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పిల్లను చూసుకోవాలా, వీడు పడితే లేపాలా? నేనే తలుపు తీసి పట్టుకున్నాను.

గడప దాకా వచ్చాడు. బయటనుంచి దేవకమ్మ "రా నాయనా" అని చెయ్యి చాపింది. అంతలో లోపల మునిలక్ష్మి కేక పెట్టింది. ఏకాంబరం రెండు చెవులూ మూసుకున్నాడు. అయిపోయింది, ఇక జీపు దాకా ఆగడు అనుకున్నాను. కానీ అతను చేతులు దించి, తలుపు తనే మూసేసి వెనక్కి నడిచాడు.

"ఇంగ ఒట్టు లేదులే మే. నేనే ఉంటా" అన్నాడు. ఏడుస్తున్నాడు.

మునిలక్ష్మి ఈసారి తిట్టలేదు. గుండీలు తెగేలా అతని చొక్కా పట్టుకుని, విడిచిపెట్టలేదు. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకుంటే సిగ్గు. చేతులకు గ్లవుసులుండి కళ్ళు కూడా తుడుచుకోలేకపోయాను.

నాలుగుంబావుకు బిడ్డ పుట్టింది. మాయ కూడా పడింది. అంతా సవ్యంగా ఉందని డాక్టరమ్మ చెప్పాక, "పోప్పా, మీ అమ్మకు చెప్పిరా" అని అతన్ని బయటికి నెట్టి, వెనకే నేనూ వచ్చాను. దేవకమ్మా, నలుగురు చుట్టాలూ మీదపడ్డారు.

"ఏం బిడ్డరా? మొగబిడ్డా, ఆడబిడ్డా?"

ఏకాంబరం తలుపు వైపు తిరిగి చూశాడు.

"సూడలేదు మా" అన్నాడు. "దాని మొగమే సూస్తా ఉండినా. మునిలక్ష్మి బాగుండాది మా, రక్తం ఆగిపోయినాది."