రెండు బూస్టర్లు

చేతి ఏరియల్‌ను ఓదెలు మళ్లీ తూర్పుకు తిప్పాడు. మీటరులో గీత మళ్లీ లేచింది. అటువైపు ఉన్నది తన ఇల్లే.

ఎనిమిదేళ్లుగా ఇదే పని. సెల్ టవరు మీద అడ్డు సంకేతాల రొద పెరిగితే, సిగ్నల్ పెంచే బూస్టరు ఏ కప్పు మీద పాడై దాన్ని పుట్టిస్తోందో వెతికి ఆపించాలి. ఏరియల్ మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. సెల్లులో మాట అంకెలై పోతుంది. దారిలో కొన్ని చెడిపోతాయని అదనపు అంకెలు కలిపి పంపుతారు, వాటితో టవరు తప్పులు దిద్దుకుంటుంది. అందకపోతే ఫోను గొంతు పెంచి మళ్లీ పిలుస్తుంది. రొద మరీ మించితే మాత్రం, గోడల మధ్యనున్న ఫోను ఎంత అరిచినా టవరుకు వినబడదు.

గచ్చిబౌలి ఆఫీసు నుంచి ఇంజనీరు హేమంత్ ఫోను.

"దొరికిందా ఓదెలు గారూ? సమ్మెతో బస్సులూ ఆటోలూ లేక అందరూ ఇంటి నుంచే పనండి. కాల్స్ కట్టవుతున్నాయని తిడుతున్నారు. ఏదో ఒక బూస్టర్ తీసి ఫోటో పంపండి, కంప్లెయింట్ క్లోజ్ చేస్తాను."

"పంపుత సార్."

తన కప్పు మీది బూస్టరు భార్య సత్తెమ్మ జబ్బుతో మంచంలో ఉండగా తనే పెట్టింది, అవసరమైతే ఆమె ఫోను చేస్తుందని. చేసింది. సగం సార్లు అతను ఎత్తలేదు. ఆమె పోయి రెండేళ్లయినా దాన్ని విప్పలేదు. ఎండకూ వానకూ పాడై ఇప్పుడు రొద కక్కుతోంది. అతనికి తెలుసు.

పక్కింటి బుచ్చమ్మ తలుపు తట్టాడు. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న ఇల్లు. నార్సింగి ఊరుగా ఉన్నప్పటిది. గోడకున్న బూస్టరుకు దసరా పూజలో పెట్టిన కుంకుమ బొట్టు.

"బూస్టర్ తీస్కపోవాలె చెల్లె. కంపెనీ ఆర్డర్."

"నువ్వే గదనే పెట్టించినవ్! ఇప్పుడు నీ టవరుకేం రోగమొచ్చింది?"

మంచం మీద ఆమె మొగుడు వెంకటనారాయణ, గుండె జబ్బు మనిషి, నవ్వాడు. "తీస్కపో బావా. వాళ్లక్కతోని ఫోన్ల దీని ముచ్చట్లు జర తగ్గుతయి."

ఓదెలు మరలు విప్పాడు. ఫోటో పంపాడు. డబ్బాను సంచిలో వేసుకుని నిజాంపేట పనికి పోయాడు.

పొద్దు వాలాక తిరిగొస్తే బుచ్చమ్మ గుమ్మం ముందు జనం. ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది, చేతిలో ఫోను.

"పదిసార్లు కొట్టిన అన్నా, నూట ఎనిమిదికి. పోలే. రోడ్డు దాక ఉరికిన. ఒక్క ఆటో లేదు. మల్ల వచ్చేసరికి..." లోపలికి చూసింది. "నువ్వేం జేస్తవ్. కంపెనీ చెప్పింది."

అవునన్నాడు ఓదెలు.

తన కప్పెక్కి సత్తెమ్మ బూస్టరు తీగ పీకాడు. మీటరులో గీత పడిపోయింది. దిగి వచ్చి బుచ్చమ్మ గోడ పక్కన నిలబడి నూట ఎనిమిది నొక్కాడు. ఏ బూస్టరూ లేకుండా మొదటిసారే కలిసింది.

"చెప్పండి, ఎక్కడి నుంచి?" అంది అవతల ఆడగొంతు.

కట్ చేశాడు. ఇంటికొచ్చి సంచి దింపాడు. ఏరియల్ కింద బుచ్చమ్మ డబ్బా, దాని మీది కుంకుమ సగం అతని చొక్కాకు అంటి, సగం అలాగే ఉంది.