కుంటి కుర్చీ స్వింగు

మా అప్పలసూరి బావ ట్రంపెట్ ఊదితే చేపలు జాలరిపేట ఒడ్డుకొచ్చి వినేవంటే మీరు నమ్మరు. నమ్మకండి. ఈ సంగతి మాత్రం నమ్మండి. ఒకసారి మల్కాపురంలో పెళ్ళి ఊరేగింపు ముందు ఊదుకుంటూ నడుస్తూ, మలుపు తిరగడం మరిచిపోయి, పెళ్ళికొడుకు కారుతో సహా అందరినీ పరవాడ దాకా తీసుకుపోయాడు. అక్కడ ఇంకెవరిదో పెళ్ళి. మగపెళ్ళివారనుకుని మాకు భోజనాలు పెట్టేశారు. పులిహోర బాగుంది. వెనకాల పెద్ద డ్రమ్ము కొట్టింది నేనే, అందుకని సాక్షిని.

డీజేలు వచ్చాక మా బ్యాండు మూలపడింది. బావ ట్రంపెట్ మంచం కిందకి చేరింది. అందులో కోడి గుడ్డు పెట్టిందని బావ పెళ్ళాం తాయారు చెప్పింది. ఆ గుడ్డులోంచి వచ్చిన పుంజు తెల్లారి పెళ్ళి పాటే కూసేదని దానికి నేను కలిపాను.

అలాంటి రోజుల్లో ఇంద్రజ వచ్చింది. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికని గోదావరి నుంచి వచ్చినవాడు. ఆ పిల్ల సంగీతం టీచరు. ఉక్కునగరంలో కాన్సర్టు బ్యాండు అని ఒకటి కట్టింది. అమెరికా వాళ్ళ పాత స్వింగు పాటలూ, క్రిస్మస్ పాటలూ తీసుకుని ఏ వాయిద్యానికి ఏ ముక్కో తానే రాసింది. మా పాత బ్యాండులోంచి మమ్మల్నిద్దరినీ పిలిచింది. క్రిస్మస్ పాట మధ్యలో ట్రంపెట్ ఒక్కటే వాయించే సోలో బావకిచ్చింది. ఆయన ట్రంపెట్‌ని చింతపండుతో ఎంత తోమాడంటే, అందులో చూసుకుని తాయారు బొట్టు పెట్టుకుంది. ఊరు మళ్ళీ తన ఊదుడు వింటుందన్న ఆశతో మనిషికి పదేళ్ళు తగ్గాయి.

ప్రాక్టీసుకి వెళితే కుర్చీలు వేసి ఉన్నాయి. కాన్సర్టు బ్యాండంటే కూర్చునే వాయించాలట.

"తాతగారూ, ఇందులో స్వింగు రావాలండి," అంది ఇంద్రజ.

బావ నా చెవి దగ్గరకి వంగాడు. "స్వింగంటే ఏటి బావా?"

"ఉయ్యాల," అన్నాను. ఊళ్ళో బడి నాకిచ్చిన ఇంగ్లీషులో ఆ ముక్క గట్టిది.

"క్రిస్మస్ పాటలో ఉయ్యాలెందుకు?"

"బాలయేసు పుట్టినాడు కదేటి! పిల్లడికి ఉయ్యాలొద్దేటి?"

ఇంద్రజ నవ్వేసింది. "ఉయ్యాలే అనుకోండి. పాట ఊగాలి, అంతే."

బావ ఊదాడు. ఒక్క స్వరమూ తప్పలేదు, ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. రేషన్ షాపు ముందు క్యూలో నిలబడ్డట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. జన్మంతా నడుస్తూ ఊదినవాడు మరి. అడుగు పడితేనే ఆయనకి ఊపిరి ఆడుతుంది. నిలబడి వాయించమంటే జెండా కర్రలా నిలబడ్డాడు. నడవమంటే ఆ ఇరుకు స్టేజీ మీద మైకుకి దూరమైపోయి, సాక్సోఫోను వాళ్ళ స్టాండు పడేశాడు.

చివరికి ఇంద్రజ నొచ్చుకుంటూనే అంది. "సోలో మన రెండో ట్రంపెట్ కుర్రాడు నాగవంశీకిద్దామండి. మీరు వెనక వరసలో అందరితో కలిసి వాయిద్దురుగాని."

బావ తల ఊపి, ట్రంపెట్ సంచిలో పెట్టేశాడు. కూరలో ఉప్పు తగ్గినా తగువు పడే మనిషి తల ఊపడం నాకు నచ్చలేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. వీధి అరుగు మీద కుంటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దాని కాలొకటి అరిగి పొట్టిదైపోయింది.

"ప్రాక్టీసుకి లెగు బావా."

"నాను రాను. తాయారూ, దీన్ని మంచం కింద పడీ."

"నాను పడీను," అంది తాయారు లోపల్నుంచి. "కోడి మళ్ళీ గుడ్డెట్టేత్తది."

"పోన్లే సెల్లీ," అన్నాను. "వయసైపోనాది. ఊదలేడు పాపం. నాగవంశీ బాగానే ఊదుతాడు."

ఇక చూడండి. కళ్ళెర్రజేసి ట్రంపెట్ ఎత్తాడు. కోపంతో ముందుకి వంగితే కుర్చీ టక్కుమంది. వెనక్కి వాలితే మళ్ళీ టక్కు. కాళ్ళు నేలని తంతున్నాయి. టక్కు, టక్కు. ఆ ఊపులో పాట లేచి నడక మొదలుపెట్టింది. వీధిలో పోతున్న చేపల నూకాలు గంప దించి భుజాలు ఊపింది.

"ఆ కుర్సీ కాలు సేయించమని ఎన్నాళ్ళ బట్టి సెప్తన్నాను!" అని తాయారు బయటికొచ్చింది. "పడి నడుం ఇరగ్గొట్టుకుంతావ్!"

"దాని జోలికెళ్ళకు సెల్లీ. ఇంద్రజమ్మ అడిగిన ఉయ్యాల అదే."

ప్రోగ్రాం రోజు పొద్దున్న ఆఖరి ప్రాక్టీసుకి కుర్చీ మాతోపాటు ఆటోలో వచ్చింది. బావ ఊదుతుంటే ఇంద్రజ కళ్ళు మూసుకుని వింది. సోలో మళ్ళీ బావకే వచ్చింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నాగవంశీ. కుర్చీ మహిమ మాత్రం నేను బ్యాండులో ఎవరికీ చెప్పలేదు. నాలాంటి కోతలరాయుడి దగ్గర ఒక నిజమైనా దాగి ఉండాలిగా.

అక్కడే వచ్చింది చిక్కు. సాయంత్రం హాలు నిండింది. ముందు వరసలో తాయారు. పాట మొదలయ్యే ముందు ఇంద్రజ కుర్చీ ఊగడం చూసింది. ముసలాయన పడతాడేమోనని జాలిపడి, కాగితం మడతలు పెట్టి పొట్టి కాలి కింద దోపింది. డ్రమ్ము వెనకున్న నాకది కనబడలేదు.

సోలో వచ్చింది. బావ ముందుకి వంగాడు. కుర్చీ కదలలేదు. మళ్ళీ రేషన్ షాపు క్యూ. ఆయన మెడ వెనక చెమట పట్టింది. నేను డ్రమ్ము ఎంత బాదినా లాభం లేకపోయింది.

ముందు వరసలోంచి తాయారు లేచింది. కొంగు దోపుకుని, మెట్లెక్కి, అంతమందిలో వంగి, ఆ కాగితం లాగి ఇంద్రజ చేతిలో పెట్టింది.

"దానికి రోగం నేదమ్మా," అంది. మైకులో హాలంతా వినబడింది. "అదంతే."

టక్కు. టక్కు.

పాట ఊగింది. ఇంద్రజ నవ్వుతూనే చేతులూపింది. హాలు హాలంతా ఊగింది. పోర్టులో ఓడలు కూడా ఊగాయని నేనంటాను, మీ ఇష్టం. తాయారు స్టేజీ దిగలేదు. కుర్చీ వీపు మీద ఒక చెయ్యి వేసి, ఉయ్యాల ఊపినట్టు నిలబడింది. బావ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి తెలుసు.

చప్పట్లు ఆగాక చూస్తే కుర్చీ బావతో సహా స్టేజీ అంచుకి చేరి ఉంది. అది అబద్ధం కాదు.

తిరుగు ప్రయాణానికి కుర్చీని ఆటో ఎక్కించబోయాను.

"ఒగ్గీ అన్నయ్యా," అంది తాయారు. "నడిసొత్తాది. పొద్దున్న దారి సూసింది కదేటి."

ఇన్నేళ్ళూ కోతల్లో నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను.