తెర మీద తన మాట

ఆ మధ్యాహ్నం సినిమా హాల్లో ఒరియె అత్తగారికీ భర్తకీ మధ్య కూర్చుని ఉంది. క్యోటో అంతా చెప్పుకుంటున్న గెయిషా ప్రేమకథ అది. అత్తగారు ఓతొమె కొడుకును సతాయించి మరీ అందరినీ బయల్దేరదీసింది. "మీ గియోన్ మాటతీరు వీళ్ళకి సరిగ్గా వచ్చిందో లేదో నువ్వే చెప్పాలమ్మాయ్," అని దారి పొడవునా కోడల్ని ఆటపట్టించింది. పెళ్ళికి ముందు ఒరియె గెయిషాలుండే గియోన్ పేటలో, ఆటపాటలతో అతిథుల్ని అలరించే గెయిషాగా ఉండేదన్నది ఆ ఇంట్లో దాపరికమేమీ కాదు.

తెర మీద వంతెన కనిపించింది. యుద్ధానికి పోతున్న ప్రియుడి చెయ్యి పట్టుకుని కథానాయిక అంది:

"నా నవ్వు కొనుక్కున్నవాళ్ళు చాలామంది. నా ఏడుపు మాత్రం నీకొక్కడికే ఊరికే ఇచ్చాను. దాన్నెక్కడా పారేసుకోకు."

హాలంతా ముక్కులు చీదుకుంది. ఒరియె బిత్తరపోయి తెరకేసి చూసింది. ఆ మాట తనది. సాంజో వంతెన మీద, యుద్ధానికి బయల్దేరిన షూజోతో తను అన్నది. అప్పుడక్కడ పిట్టమనిషి లేడు. ఆ తర్వాత షూజో ఎక్కిన ఓడ మునిగిందని కబురొచ్చింది. సైన్యంవాళ్ళు పంపిన అస్థికల పెట్టె విప్పితే వాళ్ళమ్మకి దొరికింది ఒక రాయే. అత్తింట్లో ఎవరికీ అతని పేరైనా తను చెప్పలేదు.

అయితే బతికే ఉన్నాడా? బతికి ఉండి, తన మాట సినిమావాళ్ళకి చెప్పాడా?

మర్నాటినుంచి ఆ మాట వీధిన పడింది. ఊరుమ్మడి స్నానశాలలో ఆడవాళ్ళు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ అదే అనుకున్నారు. సోయా పాల తోఫు అమ్మేవాడు కూడా, "నా తోఫు కొనుక్కున్నవాళ్ళు చాలామంది," అని వేళాకోళం చేశాడు. ఒరియె నవ్వబోయి నవ్వలేకపోయింది. తమ విసనకర్రల దుకాణం గుమ్మానికి వేలాడే తెర వెనక ఏ మగవాడి నీడ పడినా చేతిలో పని వదిలేసి చూసేది. షూజోయే వస్తే భర్తకేం చెప్పాలి? అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. అతను రమ్మంటే తను వెళ్ళిపోతుందేమో.

"మళ్ళీ అన్నం మాడింది. ఎక్కడుందమ్మా నీ మనసు?" అంది ఓతొమె.

ఇక ఉండబట్టలేక, ఒక పొద్దున విసనకర్రలకి కాగితం అంటిస్తున్న భర్త తోకుజి దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ, ఆ సినిమాకి మాటలు రాసిందెవరో మీకేమైనా తెలుసా?"

తోకుజి కుంచె పక్కన పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎలా చెప్పాలా అని నేనూ సతమతమవుతున్నాను. కిందటి శరత్తులో విసనకర్రల కోసం వచ్చారు ఆ సినిమావాళ్ళు. వంతెన దగ్గర మాట కుదరట్లేదని ఆ రచయిత ఇక్కడే కూర్చుని తల పట్టుకున్నాడు. నేను నోరు జారాను."

"మీకెలా తెలుసు?"

"పెళ్ళయిన ఏడాది నీకు జ్వరం వచ్చింది చూడు, ఒళ్ళు తెలీకుండా అదే మాట పదేపదే అన్నావు. నాతోనే అంటున్నావనుకున్నాను. తర్వాత షూజో అని పిలిచావు, ఓడ మునిగిందని ఏడ్చావు."

"తెలిసీ ఒక్కమాటైనా అడగలేదేం?"

"ఏమని అడగను? చచ్చిపోయినవాడితో పోటీపడనా?" తోకుజి తల వంచుకున్నాడు. "నీ మాట పరాయివాళ్ళకి ఇచ్చేశాను. తప్పు చేశాను ఒరియే."

ఒరియె గుండె మీద బరువు దిగింది. దిగిన చోట ఇంకేమీ లేదు. షూజో రాలేదు. రాడు. ఇన్ని రోజులూ వణికింది భయంతోనే అనుకుంది. అందులో సగం ఆశేనని ఇప్పుడే తెలిసింది. ఒరియె వెదురు బద్దల మధ్యనే కూలబడింది. తోకుజి ఆమె దగ్గరికి రాలేదు, లేచీ వెళ్ళలేదు.

చివరికి ఒరియె కళ్ళు తుడుచుకుని అంది. "గుడికెళ్ళాలండీ. అతని పేరున అగరొత్తులు వెలిగించాలి. వెలిగిస్తే పోయాడని ఒప్పుకున్నట్టేనని ఇన్నేళ్ళూ వెలిగించలేదు."

"ఒక్కదానివే వెళ్తావా?"

"మీరూ రండి."

తోకుజి చేతుల జిగురు కడుక్కుని, దుకాణం చూసుకోమని తల్లికి చెప్పాడు.

"పనివేళ ఇద్దరూ ఎక్కడికిరా?"

"ఒకాయన్ని చూసొస్తామమ్మా. చాలా ఆలస్యమైంది."

గుడి మెట్ల దగ్గర, పూజకి పేరు రాయించేముందు, "ఆ పేరు రకరకాల అక్షరాలతో రాస్తారు కదా, అతని షూజో ఏ అక్షరాలతో?" అని తోకుజి అడిగాడు. ఒరియె అతని అరచెయ్యి అందుకుని, వేలితో మెల్లగా రాసి చూపించింది.